పొయ్యి ముందర అరిగిన చెక్క

ఈ సాయంత్రం వంటింట్లో నెయ్యి కాస్తున్నాను. నురగ తగ్గి, అడుగున గసి ఎర్రబడే వేళకు కరివేపాకు రెబ్బ వేసి స్టవ్ ఆపబోతుంటే, తెరిచిన కిటికీలోంచి కట్టెల పొగ వచ్చింది. పక్కింటివాళ్ళు పెరట్లో నిప్పు రాజేసుకుని చుట్టూ కుర్చీలు వేసుకున్నట్టున్నారు. కాగిన నెయ్యి వాసన, కట్టెల పొగ వాసన ఒకేచోట కలిస్తే ఎవరికైనా చిన్ననాటి ఇల్లు గుర్తుకు రావాలి. నాకు లొరైన్ గుర్తుకొచ్చింది. అదే సమయానికి మా ఆయన రవి నా కాళ్ళ దగ్గర టేపు పరిచి నేల కొలుస్తున్నాడు. రేపు పొద్దున ఫ్లోరింగ్ అతను వచ్చి ఈ చెక్క నేలంతా పెకలించి, మా స్నేహితురాలు పద్మ ఇంట్లో ఉన్నలాంటి తెల్ల టైల్స్ వేస్తాడట. "కాస్త జరుగు విజ్జీ," అన్నాడు. జరిగాను. జరిగాక, అంతసేపూ నేను నిలబడ్డ చోటును చూశాను.

లొరైన్ మీకెవరికీ తెలియదు. అమెరికాలో మేముండే నేపర్‌విల్ నుంచి కాస్త దూరంలో, ఈ ప్రాంతానికి తొలిరోజుల్లో బండ్లు కట్టుకుని వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళను తెచ్చి ఒకచోట నిలబెట్టిన చిన్న మ్యూజియం ఉంది. ఇక్కడివాళ్ళు పయనీర్ విలేజ్ అంటారు. ఒక కమ్మరి కొలిమి, ఒంటిగది బడి, చిన్న చర్చి, అన్నిటికీ చివర దుంగలతో కట్టిన ఒక ఇల్లు. ఆ ఇంట్లో పాతకాలపు గౌను వేసుకుని, తలకు గుడ్డ టోపీ కట్టుకుని, వచ్చినవాళ్ళకు వెన్న చిలికి చూపిస్తూ ఆ రోజుల కథ చెప్పే పెద్దావిడ లొరైన్. అక్కడ జీతం లేకుండా పనిచేసే మా వాలంటీర్లందరికీ పెద్దదిక్కు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది, ప్రేమ కలిగింది. కానీ అన్నిటికంటే ముందు కలిగిందీ, చివరిదాకా మిగిలిందీ అసూయ. ఆవిడ గురించి రాస్తూ ఆ ఒక్క మాటా దాచిపెడితే ఇది వట్టి పొగడ్త అవుతుంది.

అసూయ నాకు కొత్త కాదు. పొరుగింటి పుల్లకూర రుచి అనేది లోకానికి సామెత, నాకు దినచర్య. అమెరికా వచ్చాక దానికి మేత మరీ ఎక్కువైంది. హెచ్-ఫోర్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయకూడదు. గుంటూరులో హిస్టరీ ఎం.ఏ. చేసి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ పొద్దున్నే రవిని ట్రైన్ దగ్గర దింపడం, సాయంత్రం ఎక్కించుకోవడం, ఈ మధ్యలో కూర తరగడం. స్టేషన్‌లో బ్యాగు భుజాన వేసుకుని, కాఫీ గ్లాసు చేత పట్టుకుని పరుగెత్తే ప్రతి ఆడమనిషినీ చూసి కుళ్ళుకునేదాన్ని. వాళ్ళకు ఆలస్యమవుతోందని కూడా కుళ్ళుకునేదాన్ని. నాకు ఆలస్యం కావడానికి ఏ పనీ లేదు మరి.

2007 వేసవిలో ఒకరోజు రవిని దింపాక ఇంటికి వెళ్ళబుద్ధి కాక, రోడ్డు పక్కన బోర్డు చూసి ఆ మ్యూజియంలోకి వెళ్ళాను. దుంగల ఇంట్లో లొరైన్ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నా చెవిలో నిలిచిపోయింది మాత్రం తెలుగులో. "ఇది మా తాతమ్మ హన్నా తిప్పిన రాట్నం," అంది. "ఆ మూలనున్నది ఆవిడ వెన్న చిలికిన తొట్టి. ఆ ఉయ్యాలలో మా తాతను ఊపింది. ఈ ఇల్లు ఆవిడా మా ముత్తాతా కలిసి కట్టుకున్నదే. పొలంలోంచి దుంగ దుంగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు." అక్కడున్న పిల్లలంతా ఓహో అన్నారు. నాకు కడుపు భగ్గున మండింది.

ఎందుకు మండదు? మా అమ్మమ్మ ఇత్తడి గుండిగ ఏమైంది? స్టీలు సామాన్లవాడు వీధిలోకి వస్తే మా పిన్ని ఆ గుండిగ వేసి మెరిసే క్యారేజీ తీసుకుంది. కవ్వం విరిగితే పొయ్యిలోకి పోయింది. విసుర్రాయి కొన్నాళ్ళు కుళాయి దగ్గర బట్టలుతికే బండగా పనిచేసి, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్ లేచినప్పుడు పునాదిలో కలిసిపోయింది. అప్పుడు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు, స్టీలు క్యారేజీలో మొహం చూసుకుని మురిసిపోయాం కూడా. ఇక్కడేమో ఎవరిదో తాతమ్మ తాలూకు విరిగిన గరిటెకు సైతం ఒక గాజు పెట్టె, ఆ పెట్టెలో ఒక దీపం. ఎం.ఏ.లో రాజుల గురించి, రాజ్యాల గురించి బోలెడు చదివాను. గరిటెను ఎలా దాచుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. రవికి నవ్వొచ్చింది.

"టికెట్ కొనుక్కుని పాత సామాన్లు చూడ్డం ఏంటి విజ్జీ?"

"అవును, పాత సామాన్లే. మనవేవి చెప్పు?"

"మనకెందుకు? అన్నీ కొత్తవి కొనుక్కున్నాం కదా," అన్నాడు చాలా మామూలుగా. నేను కుక్కర్ మూత పెట్టాను.

వాలంటీర్లు కావాలని గేటు దగ్గర కాగితం అంటించి ఉంటే పేరిచ్చాను. నన్ను ఒంటిగది బడిలో వేశారు, పిల్లలు గీసిన పలకలు తుడిచే పని. నా కళ్ళు మాత్రం దుంగల ఇంటి మీదే. ఆ పొయ్యి ముందు నిలబడి కథ చెప్పాలి, అంతే. మరే కోరికా లేదు. పాఠం చెప్పే నోరు మూతపడి ఏళ్ళయింది. నేను చెబితే పదిమంది వినే చోటు ఈ దేశంలో ఒక్కటైనా ఉండాలని నా పంతం. అయితే ఆ ఇంట్లోకి లొరైన్ ఎవరినీ ఊరికే రానిచ్చేది కాదు. "చేతికి రానిది నోటికి రాకూడదు," అనేది. వెన్న చిలకడం రాకుండా వెన్న గురించి మాట్లాడకూడదు, కట్టెల పొయ్యి రాజేయడం రాకుండా చలికాలం గురించి మాట్లాడకూడదు. నేను నేర్చుకున్నాను. మన కవ్వం తిరుగుతుంది, వాళ్ళది రోకలిలా పైకీ కిందికీ దంచుతుంది. వారం రోజులు భుజాలు పడిపోయాయి.

సోమవారాలు మ్యూజియంకు సెలవు. ఆ రోజు లొరైన్ మమ్మల్ని తన పాత వ్యాన్‌లో ఎక్కించుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిప్పేది. నది ఒడ్డున ఆగిపోయిన పిండిమర, కాలువ తవ్విన కూలీలు నివసించిన గుడిసెలు, మొక్కజొన్న చేల మధ్య మిగిలిపోయిన చిన్న శ్మశానం, ఎవరూ రాని ఊళ్ళో తాళం వేసి ఉన్న బడి. ఎక్కడికి వెళ్ళినా గోడ మీద రాసింది ముందు చదవనిచ్చేది కాదు. "అరిగిన చోటు ఎక్కడుందో వెతుకు," అనేది. గొడ్డలి పిడి మీద బొటనవేలు ఆనిన చోటు, తలుపు మీద భుజంతో నెట్టిన చోటు, బల్ల అంచున పిల్లాడు కాలు తన్నిన చోటు. ఒకసారి పిండిమరలో ఒక కిటికీ గట్టు చూపించింది. మోచేయి పెట్టుకుని బయటికి చూసినవాళ్ళెవరో ఆ చెక్కను పల్లం చేశారు. "పిండి పడేదాకా ఎదురుచూసేవాళ్ళు," అంది. "ఇది ఏ పుస్తకంలోనూ లేదు." యూనివర్సిటీలో రెండేళ్ళలో అబ్బని కంటిచూపు ఆ వ్యాన్‌లో అబ్బింది. అందుకు నాకు కృతజ్ఞత ఉండాలి కదా. కానీ ఇంటికొస్తూ నేను అనుకున్నది ఒకటే, ఈవిడకు ఊరూరా అరిగిన చోట్లున్నాయి, నాకు ఒక్కటీ లేదు.

ఆ కడుపుమంటలోనే ఒకరోజు వ్యాన్‌లో ఆవిడ పక్క సీట్లో కూర్చుని అడిగేశాను. "ఎప్పుడూ తొలివాళ్ళు, తొలివాళ్ళు అంటారు. మీ తాతమ్మ వచ్చేసరికి ఇక్కడ ఎవరూ లేరా ఏంటి?" పుల్లవిరుపు ప్రశ్న. వెనకున్నవాళ్ళు గతుక్కుమన్నారు. లొరైన్ వ్యాన్ రోడ్డు పక్కన ఆపింది. కోపం వచ్చిందనుకున్నాను. ఇంజన్ ఆపేసి, ఎదురుగా చేల వైపు చూస్తూ, "ఉన్నారు," అంది. "మావాళ్ళు రావడానికి కొన్నేళ్ళ ముందే ఇక్కడి ఆదివాసులను వెళ్ళగొట్టారు. మా తాతమ్మ పొయ్యి పెట్టిన చోట అంతకుముందు ఎవరి పొయ్యి వెలిగేదో నాకు తెలియదు. మా నాన్న ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను కథ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చెప్తాను. నువ్వు తలుపు బయట నిలబడి వింటావు కనుక ఆ మొదటి మాట నీదాకా రాలేదేమో." ఆవిడ మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేసింది. ఇంత సూటిగా జవాబు చెప్పగలగడం మీద కూడా నాకు కుళ్ళే పుట్టింది.

తలుపు బయట నిలబడి వినడం నిజమే. పలకలు తుడవడం అయిపోగానే వచ్చి ఆ గుమ్మంలో నిలబడేదాన్ని. ఏడాది గడిచింది. చర్న్ అనే ఆ వెన్న తొట్టిలో దంచడం వచ్చింది, పొయ్యి రాజేయడం వచ్చింది, ఉన్ని ఏకడం వచ్చింది. లొరైన్ మాత్రం లోపలికి పిలవలేదు. ఈలోగా కరెన్ అని రిటైరైన నర్సు ఒకావిడ కొత్తగా చేరింది. రెండో నెలకల్లా గుడ్డ టోపీ కట్టుకుని దుంగల ఇంట్లో శనివారం కథ చెప్తోంది. తెల్ల మొహానికి ఆ టోపీ బాగానే నప్పింది. నేను ఆ రోజు పలకలు ఎంత గట్టిగా తుడిచానంటే ఒకటి చేతిలోనే పగిలింది. ఇక ఉండబట్టలేక లొరైన్ దగ్గరికి వెళ్ళి, వచ్చే వారం నుంచి రానని చెప్పాను.

"ఎందుకు?" అంది.

"కరెన్‌కు ఇచ్చారు కదా."

"కరెన్ అడిగింది."

"నేను ఏడాది నుంచి ఆ గుమ్మంలో నిలబడుతున్నాను!"

"నిలబడుతున్నావు. చూపులతో ఇల్లు తగలబెట్టేలా నిలబడుతున్నావు. అడిగావా?"

అడగలేదు. మన దగ్గర అలా అడుగుతామా? పెళ్ళిలో ఆకలి దంచేస్తున్నా, ఎవరో వచ్చి లేవండి, భోజనానికి లేవండి అని చేయి పట్టుకునేదాకా కుర్చీలోంచి కదలం. పెద్దవాళ్ళు గమనించాలి, వాళ్ళే పిలవాలి. నన్ను బొట్టు పెట్టి పిలుస్తారని ఏడాది కూర్చున్నాను. ఆ మాట ఆవిడకు ఇంగ్లీషులో చెప్పబోయి, బొట్టు దగ్గరే ఆగిపోయి, ఎలాగో ఆకలి కథతో ముగించాను. ఆవిడ పగలబడి నవ్వింది. "నీకు ఇష్టం లేదేమో, చరిత్ర చదివినదానివి కనుక మా తప్పులు వెతకడానికి నిలబడుతున్నావేమో అనుకున్నాను," అంది. ఇద్దరం ఏడాదిపాటు ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ కూర్చున్నామన్నమాట. అప్పుడు అడిగాను, నోరు తెరిచి. వచ్చే శనివారం రమ్మంది.

ఆ శనివారం నీలం గౌను వేసుకుని, జడను టోపీలో ఎలాగో దోపుకుని వెళ్ళాను. పొయ్యి రాజేశాను. మొదటి గుంపు వచ్చింది, బడిపిల్లలు. వెళ్ళగొట్టబడినవాళ్ళ గురించి ముందుగా చెప్పి, తర్వాత హన్నా కథలోకి దిగాను. కథ మధ్యలో ఒక పిల్ల గుసగుసగా, "మనం కూడా తీసేయాలేమో," అంది. ఏమిటా అని చూస్తే పిల్లలంతా గడప బయటికి పోయి బూట్లు విప్పుతున్నారు. నా చెప్పులు అక్కడ ఉన్నాయి. ఎప్పుడు విడిచానో నాకే తెలియదు. ఇల్లు, పొయ్యి, వెన్న, వీటిలోకి చెప్పులతో ఎలా వస్తాను? కాళ్ళు వాటంతట అవే విడిచేశాయి. చూస్తుండగానే మెట్టు మీద బూట్ల వరస, పెళ్ళింటి ముందున్నట్టు. అటుగా వెళ్తున్న మేనేజర్ అది చూసి హడలిపోయాడు. కాళ్ళలో పేడు గుచ్చుకుంటే ఎవరు జవాబుదారీ, అసలు పయనీర్ ఇంట్లో బూట్లు విప్పే ఆచారం ఎక్కడిది, ఇది ఏ దేశపు ఇల్లు అని వరసగా అడిగాడు. నాకు మొహం మాడిపోయింది. మొదటి రోజే చివరి రోజు అయిందనుకున్నాను.

లొరైన్‌ను పిలిపించారు. ఆవిడ వచ్చి మెట్టు మీది బూట్లను చూసింది, నా కాళ్ళను చూసింది. నన్ను పక్కకు జరగమని, మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి ముందరి చెక్కను చేత్తో తడిమింది. చాలాసేపు తడిమింది. ఆ చెక్క మధ్యలో పల్లంగా, నున్నగా ఉంది. "అప్పటి బూట్ల అడుగున మేకులుండేవి," అంది మేనేజర్‌తో. "బూట్లతో నిలబడితే గీతలు పడాలి. ఇక్కడ ఒక్క గీత లేదు. ఇది వట్టి పాదం." చేయి ఆ చెక్క మీదే ఉంచి, "మా నానమ్మ అనేది, ఎండాకాలం చర్చికి కూడా బూట్లు చేత్తో పట్టుకుపోయి గుమ్మం దగ్గర తొడుక్కునేవాళ్ళమని. విన్నాను, మర్చిపోయాను," అంది. ఊరూరా తిప్పి అరిగిన చోటు వెతకమని మాకు నేర్పిన మనిషి, ఇన్నేళ్ళూ దాని మీదే బూట్లతో నిలబడి కథ చెప్పింది. దీపం కింద చీకటి అంటారే, అది. పిల్లలు బూట్లతోనే ఉండాలని, కథ చెప్పేవాళ్ళు వేసవిలో వట్టి కాళ్ళతో ఉండవచ్చని తేల్చారు. నేను గెలిచాను. కానీ లేచి నిలబడ్డ లొరైన్ మొహంలో నాకు అర్థం కానిదేదో కనిపించింది.

అదేమిటో తెలియడానికి పద్మ వాళ్ళమ్మ రావలసి వచ్చింది. పద్మది వరంగల్. వాళ్ళమ్మ రాజమ్మగారు ఆ ఏడు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఇంట్లో పొద్దుపోవడం లేదంటే పద్మ మ్యూజియంకు తీసుకొచ్చింది. రాజమ్మగారు గడప దగ్గర చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి వచ్చారు. చర్న్ దంచుతున్న నన్ను చూసి, "ఇదేంది బిడ్డా, చల్ల గిట్ల దంచుతరా? కవ్వం లేదా మీకు?" అన్నారు. తర్వాత మూలన మొక్కజొన్న విసిరే రాళ్ళు కనిపించాయి. "అగో, ఇసుర్రాయి! పద్మా, సూడవే, మనింట్ల లెక్కనే ఉన్నది."

"అమ్మా, ముట్టుకోవద్దే! ఇది మ్యూజియం," అని పద్మ అంటూనే ఉంది. రాజమ్మగారు అప్పటికే ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. రాయి గుర్రుమనగానే ఆవిడ గొంతు కూడా దాంతో కలిసింది. సన్నటి కూనిరాగం, రాయి తిరిగే వేగానికి సరిపోయే పాట. సగం దాకా వచ్చి ఆగిపోయారు.

లొరైన్ గుమ్మంలో నిలబడి ఉంది. సరిగ్గా నేను నిలబడే చోట. "ఆపొద్దని చెప్పు," అంది నాతో.

నేను చెబితే రాజమ్మగారు సిగ్గుపడ్డారు. "మా అత్త పాడుతుండె బిడ్డా. నాకు గింతే యాదికున్నది," అని ఆ సగమే మళ్ళీ పాడారు.

వాళ్ళు వెళ్ళాక నిప్పు ఆర్పి, బూడిద ఎత్తుతున్నాను. లొరైన్ బెంచీ మీద కూర్చుని, "నీ మీద నాకు అసూయగా ఉంది," అంది. నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. "నీ చెప్పులు చూసిన రోజు నుంచీ ఉంది. నువ్వు మీ అమ్మమ్మను చూశావు కదా?"

"పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆవిడ పక్కలోనే పడుకున్నాను."

"చూశావా. నా దగ్గర హన్నా రాట్నముంది, చర్న్ ఉంది, ఉయ్యాల ఉంది, ఇల్లే ఉంది. ఉయ్యాల ఊపుతూ ఏం పాడేదో తెలియదు. పిల్లల్ని కొట్టేదో, ముద్దుచేసేదో తెలియదు. ఇంట్లోకి వస్తే ఆవిడ కాళ్ళు ఏం చేసేవో, అది కూడా నీ కాళ్ళు వచ్చి చెప్పాయి. నీ దగ్గర ఒక్క వస్తువు లేదు. మీ అమ్మమ్మంతా ఉంది."

నా మీద ఒకరు కుళ్ళుకుంటున్నారు! అదీ లొరైన్! ఆ సాయంత్రం స్టేషన్‌కు కారు నడుపుతూ నాలో నేనే నవ్వుకున్నాను. రవి కారెక్కగానే చెప్పాను. "దానికింత సంతోషమేంటి విజ్జీ?" అన్నాడు. అతనికేం తెలుసు? ఏళ్ళ తరబడి ఇతరుల కంచాల్లోకి చూసినదానికి తన కంచంలో గారె కనిపిస్తే ఎలా ఉంటుందో. అయితే ఆ సంతోషం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. అమ్మమ్మ విసుర్రాయి దగ్గర పాడిన పాట గుర్తు చేసుకోబోతే రాగం వచ్చింది, మాటలు రాలేదు. లొరైన్‌కు ఉన్నవి గాజు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. నాకున్నది తాళం లేని ఇంట్లో పెట్టిన సొమ్ము, రోజూ కాస్త పోతోంది. నాకు భయం వేసింది.

ఆ సంగతి సోమవారం వ్యాన్‌లో చెప్పాను. అప్పటినుంచి లొరైన్ ఒక కొత్త అలవాటు పెట్టింది. వ్యాన్ ఎక్కగానే, "ఈ వారం మీ అమ్మమ్మ చేయి ఏం చేసింది?" అని అడిగేది. నేను ఒకటి చెప్పాలి. పాలు కాగే దాలిలో పిడకలు ఎలా పేర్చేదో, వేలి కొసతో నెయ్యి తీసి నా పెదవుల పగుళ్ళకు ఎలా రాసేదో, కోపమొస్తే మాట్లాడకుండా బియ్యంలో రాళ్ళు ఎలా ఏరేదో. చెప్పినది మళ్ళీ చెబితే పట్టేసుకునేది, "అది అయిపోయింది, కొత్తది కావాలి," అనేది. ఆవిడ బలవంతం మీద ఎన్ని బయటికి వచ్చాయో! ఇల్లినాయ్ మొక్కజొన్న చేల మధ్య, నీలి కళ్ళ ముసలావిడ పక్కన కూర్చుని మా అమ్మమ్మను తవ్వి తీసుకున్నాను. ఆవిడ వింటున్నప్పుడు పెదవి కొరుక్కునేది. అది చూసి నేను ఇంకా బాగా చెప్పేదాన్ని.

తర్వాత లొరైన్ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా మెట్లు ఎక్కడం కష్టమైంది. అరిజోనాలో ఉన్న కూతురు వచ్చి తనతో తీసుకువెళ్తానంది. ప్రయాణానికి ముందు ఒక శనివారం లొరైన్ మ్యూజియంకు వచ్చింది, వాకర్ పట్టుకుని, అందరిలాగే టికెట్ కొనుక్కుని. కూతురు కారు దగ్గరే ఉండిపోయింది. నేను పొయ్యి ముందు ఉన్నాను. ఆవిడ గడప దగ్గర ఆగి, "వంగలేను. ఈ లేసులు విప్పుతావా?" అంది.

విప్పాను. మేజోళ్ళు కూడా తీశాను. నా భుజం పట్టుకుని లోపలికి వచ్చి, నేరుగా ఆ చెక్క దగ్గరికి వెళ్ళి, అరిగిన పల్లంలో రెండు పాదాలూ పెట్టింది. కళ్ళు మూసుకుంది. "సరిపోయాయి," అంది. తర్వాత వెళ్ళి చూడ్డానికి వచ్చినవాళ్ళ బెంచీ మీద కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. నేనెవరో తెలియనట్టు చెప్పు."

హన్నా కథ హన్నా మునిమనవరాలికే చెప్పాను. ఎక్కడా తప్పు పోలేదు. పొయ్యి ముందు నేను, బెంచీ మీద ఆవిడ. చెబుతూ ఆవిడ కళ్ళు చూశాను. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఆ గుమ్మంలో ఏడాదిపాటు నేను మోసిన చూపే అది. తన ఇంట్లో, తన తాతమ్మ పొయ్యి ముందు, ఎక్కణ్ణుంచో వచ్చినదాని నోట తన కథ. కథ అయ్యాక లేసులు కడుతుంటే నా తల మీద చేయి వేసి, "బాగా చెప్పావు. నాకు ఒళ్ళు మండిపోయింది," అంది. నేను నవ్వబోయి ఏడ్చాను. ఆవిడ కూడా అంతే. కిందటి చలికాలం అరిజోనాలో పోయింది.

ఇవన్నీ తలుచుకుంటూ నెయ్యి గిన్నె దించి పక్కన పెట్టాను. స్టవ్ ముందర, అంతసేపూ నేను నిలబడ్డ చోట, చెక్క మీది పాలిష్ పోయి లేత రంగు బయటపడింది. రెండు పాదాలంత మేర. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి పొద్దునా సాయంత్రం వట్టి కాళ్ళతో నిలబడ్డ చోటు అది. ఊరూరా వెతికాను కానీ, ఇది కనబడలేదు. దీని మీదే నిలబడి ఉన్నాను మరి.

"రవీ, టైల్స్ హాల్లో వేయించుకో. వంటిల్లు వద్దు," అన్నాను.

"అదేంటి? పద్మావాళ్ళ కిచెన్ ఎంత బావుందో చూశావుగా? నువ్వే కదా కుళ్ళుకున్నావ్?"

"కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఇది చూడు."

రవి టేపు చుట్టేసి వంగి చూశాడు. ఏముందన్నట్టు నా వైపు చూసి, మళ్ళీ వంగి చేత్తో తడిమాడు. ఆ తర్వాత లేచి, తన కాలు తీసి ఆ చోట పెట్టాడు. వేళ్ళు బయటికి వచ్చేశాయి. ఇంకో కాలు పెట్టి చూశాడు, అదీ పట్టలేదు. "ఇన్నేళ్ళు నేనూ ఇదే ఇంట్లో ఉన్నా కదా," అన్నాడు. "నాది ఎక్కడా లేదేం విజ్జీ?"

ఆ గొంతులో సన్నటి కుళ్ళు వినిపించింది. నా కడుపు చల్లబడింది.